జాన్ ఆలివర్‌ను ఎవరు ఆపారు?

2020 ఫిబ్రవరి 25, మంగళవారం. హాట్‌స్టార్‌లో ‘లాస్ట్ వీక్ టునైట్’ చూసే అలవాటున్న వాళ్లకు ఆ ఉదయం కొత్త ఎపిసోడ్ కనిపించలేదు. అమెరికాలో ఆదివారం రాత్రి ప్రసారమయ్యే ఈ హాస్య కార్యక్రమం మంగళవారం ఉదయానికల్లా ఇక్కడికి చేరడం ఆనవాయితీ. ఆ వారం అంశం నరేంద్ర మోదీ. డొనాల్డ్ ట్రంప్ అహ్మదాబాద్‌లో దిగడానికి కొన్ని గంటల ముందు అమెరికాలో ప్రసారమైన ఆ ఎపిసోడ్‌లో ప్రధాని రాజకీయ ప్రస్థానం గురించి, పౌరసత్వ సవరణ చట్టం గురించి, అస్సాంలో పౌర పట్టిక గురించి జాన్ ఆలివర్ సుదీర్ఘంగా మాట్లాడారు. ఆ ప్రధాన భాగం యూట్యూబ్‌లో ఎవరికైనా ఉచితంగా దొరికింది. లక్షల మంది చూశారు. డబ్బు కట్టిన చందాదారులకు మాత్రమే దొరకలేదు.

ప్రభుత్వం ఆపమన్నట్టు ఏ కాగితమూ బయటికి రాలేదు. ఏ కోర్టూ స్టే ఇవ్వలేదు. అప్పటికి ఓటీటీల కంటెంట్ మీద కేంద్రానికి ప్రత్యేక నిబంధనలే లేవు. అవి సమాచార ప్రసార శాఖ పరిధిలోకి వచ్చింది 2020 నవంబరులో. ఐటీ నిబంధనలు వెలువడింది, కాకతాళీయమే కావచ్చు, సరిగ్గా ఏడాదికి, 2021 ఫిబ్రవరి 25న. అంటే చట్టం పుట్టకముందే దానికి విధేయత పుట్టింది. ఓ కంపెనీ తనంతట తాను, చడీచప్పుడూ లేకుండా, ఓ ఎపిసోడ్‌ను పక్కన పెట్టింది.

ఈ కథలో మరో మెలిక ఉంది. ఆ మార్చిలోనే ఆలివర్ తన కార్యక్రమంలో ఇంకో సంగతి చెప్పారు. హాట్‌స్టార్ ఆపింది మోదీ ఎపిసోడ్‌ను మాత్రమే కాదు, పాత ఎపిసోడ్లలో డిస్నీ మీద వేసిన జోకులనూ కత్తిరించింది. అప్పటికి హాట్‌స్టార్ యజమాని డిస్నీయే. దేశ ప్రధాని మీద విమర్శనూ, మిక్కీ మౌస్ మీద పరిహాసాన్నీ ఒకే కత్తెర కత్తిరించిందన్నమాట. సెన్సార్‌షిప్ అనగానే మనకు పోలీసులూ, ప్రభుత్వ ఉత్తర్వులూ గుర్తొస్తాయి. ఆలివర్ వృత్తి జీవితాన్ని మొదటి నుంచి చూస్తూ వస్తే, ఒక కమెడియన్ నోరు తెరవాలన్నా మూయాలన్నా అసలు మీట ఎవరి చేతిలో ఉంటుందో ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

బెడ్‌ఫర్డ్ నుంచి న్యూయార్క్‌కు

జాన్ ఆలివర్ 1977 ఏప్రిల్ 23న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు, పెరిగింది బెడ్‌ఫర్డ్‌లో. తల్లిదండ్రులు లివర్‌పూల్ వాళ్లు, తల్లి సంగీతం టీచర్. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు మీద ఆయనకున్న పిచ్చి అక్కడి నుంచి వచ్చిందే. కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. చదువు కంటే ‘ఫుట్‌లైట్స్’ అనే విద్యార్థి నాటక బృందంలోనే ఎక్కువ కాలం గడిపారు. మాంటీ పైథాన్ సభ్యులు కొందరిని తయారుచేసిన బృందం అది. ఆయన ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు అధ్యక్షుడు రిచర్డ్ అయోడే.

ఆ తర్వాత చాలామంది బ్రిటిష్ కమెడియన్లు నడిచిన దారే. ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ప్రదర్శనలు, లండన్ క్లబ్బులు, బీబీసీ రేడియో, ‘మాక్ ద వీక్’ అనే టీవీ కార్యక్రమంలో అప్పుడప్పుడూ ఓ కుర్చీ. మిత్రుడు ఆండీ జాల్ట్‌మన్‌తో కలిసి రాజకీయ హాస్యం రాసేవారు. పేరు కాస్త తెలిసింది కానీ నక్షత్రమేమీ కాలేదు. అమెరికాలో ‘ద డైలీ షో’ నడుపుతున్న జాన్ స్టీవర్ట్ బ్రిటిష్ విలేఖరి పాత్రకు మనిషి కోసం వెతుకుతుంటే, రికీ జర్వేజ్ ఈయన పేరు చెప్పారు. వింతేమిటంటే జర్వేజ్‌కు ఆలివర్‌తో ముఖ పరిచయం కూడా లేదు. 2006 జులైలో ఆలివర్ న్యూయార్క్ చేరారు. కొద్ది రోజుల్లోనే తెర మీదికొచ్చారు.

ఇక్కడ మన పాఠకులకు బాగా అర్థమయ్యే విషయం ఒకటుంది. ఆలివర్ అమెరికా వెళ్లింది వర్క్ వీసా మీద. అధ్యక్షుణ్ని వెక్కిరించడమే ఉద్యోగం, కానీ ఆ దేశంలో ఉండే హక్కు ఇమిగ్రేషన్ శాఖ ముద్ర మీద ఆధారపడి ఉంది. 2008లో సెయింట్ పాల్‌లో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ జరిగినప్పుడు, వెళ్లకూడని చోటికి వెళ్లి ఆయన బృందం భద్రతా సిబ్బంది కంటపడింది. అరెస్టయితే వీసా ఏమవుతుందోనన్న భయంతో పరుగెడుతున్న వాళ్లను, అక్కడికి వచ్చిన మాజీ సైనికులు కొందరు దాచిపెట్టారు. వాళ్లలో ఒకరు ఇరాక్ యుద్ధంలో వైద్య సహాయకురాలిగా పనిచేసిన కేట్ నోర్లీ. మూడేళ్ల తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

సినిమా కథలా ఉంటుంది గనక ఈ సంఘటనను అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. అందులోని భయం సంగతి వదిలేస్తారు. హెచ్‌-1బీ మీద డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఒక ట్రాఫిక్ టికెట్ పడితేనే లాయరుకు ఫోన్ చేసే తెలుగు కుటుంబాలకు ఆ భయం కొత్తది కాదు. 2019లో ఆలివర్ చట్టబద్ధమైన వలసల మీద ఒక ఎపిసోడ్ చేశారు. ‘క్యూలో నిలబడి రండి’ అనేవాళ్లకు అసలు చాలామందికి నిలబడటానికి క్యూయే లేదని వివరించారు. ఒక దేశానికి ఏడు శాతం దాటకూడదన్న పరిమితి వల్ల భారతీయులు గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాల పాటు ఎదురుచూడాల్సిన స్థితి తెలిసిందే. అదే ఏడాది డిసెంబరులో ఆయన అమెరికా పౌరుడయ్యారు. మోదీ ఎపిసోడ్ ప్రసారమైంది ఆ తర్వాత రెండు నెలలకు.

ప్రకటనలు లేని అరగంట

2013 వేసవిలో జాన్ స్టీవర్ట్ సినిమా తీయడానికి సెలవు తీసుకుంటే, కుర్చీలో ఆలివర్ కూర్చున్నారు. రెండు నెలల్లోనే ఆయన ఒంటిచేత్తో కార్యక్రమం నడపగలరని తేలిపోయింది. హెచ్‌బీఓ పిలిచింది. 2014 ఏప్రిల్ 27న ‘లాస్ట్ వీక్ టునైట్’ మొదలైంది.

ఆ మొదటి ఎపిసోడ్‌లోనే భారత్ ఉంది. అప్పుడు మన దగ్గర సార్వత్రిక ఎన్నికలు జరుగుతున్నాయి. ప్రపంచంలోనే అతిపెద్ద ఎన్నికలు జరుగుతుంటే అమెరికన్ టీవీ చానళ్లు పట్టించుకోవడం లేదని ఆయన ఎద్దేవా చేశారు. మన ఎన్నికల గురించి తన ప్రేక్షకులకు చెప్పాలని తొలి రోజే పట్టుబట్టిన మనిషిని ఆరేళ్ల తర్వాత మన ప్రేక్షకులకే కాకుండా చేశారు.

హెచ్‌బీఓ ప్రత్యేకత ప్రకటనలు లేకపోవడం. చందాదారుల డబ్బుతో నడుస్తుంది కాబట్టి, మందుల కంపెనీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడినా మధ్యలో అదే కంపెనీ ప్రకటన వేయాల్సిన అవసరం లేదు. ఆలివర్ ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్నారు. వారమంతా పరిశోధకులు, నిజనిర్ధారకులు ఒకే విషయం మీద పనిచేస్తారు. బెయిలు సొమ్ము కట్టలేక జైళ్లలో మగ్గే పేదలు, కోళ్ల పెంపకం కాంట్రాక్టులు, పట్టణాల నీటి పైపులు, ఫిఫా అవినీతి. మామూలుగా ఏ ఎడిటరూ ‘ఎవరు చదువుతారండీ’ అని పక్కన పెట్టే విషయాలివి. 2016 నుంచి వరుసగా ఏడేళ్లు ఎమ్మీ పురస్కారం ఆ కార్యక్రమానికే వచ్చింది.

ఆయన పద్ధతిలో ఉపన్యాసం తక్కువ, చేసి చూపించడం ఎక్కువ. టీవీ మత ప్రబోధకులు పన్ను మినహాయింపును ఎంత సులువుగా వాడుకుంటున్నారో చెప్పడానికి 2015లో తానే చట్టప్రకారం ఓ చర్చి పెట్టారు. జనం నిజంగానే డబ్బు పంపించారు. వసూళ్ల దందా గురించి చెప్పడానికి 2016లో ఓ కంపెనీ రిజిస్టర్ చేసి, దాదాపు 9,000 మంది ఆస్పత్రి బాకీలను, మొత్తం 1.5 కోట్ల డాలర్ల మేర, కేవలం 60,000 డాలర్లకు కొనేశారు. ఆ తర్వాత వాటిని రద్దు చేయించారు. పాత బాకీలు ఎంత కారుచౌకగా చేతులు మారతాయో ఏ గణాంకాల పట్టికా అంత బాగా చెప్పలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, 2014 జూన్ 1 నాటి ఎపిసోడ్ ఒక ఎత్తు. అంశం నెట్ న్యూట్రాలిటీ. వినగానే నిద్రొచ్చే మాట అది, ఆ సంగతి ఆయనే ఒప్పుకొని మొదలుపెట్టారు. చివర్లో ప్రేక్షకులను ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌కు వెళ్లి అభిప్రాయాలు రాయమన్నారు. మర్నాడు ఆ సైటు వ్యాఖ్యల వ్యవస్థ మొరాయించింది. 2015 ఫిబ్రవరిలో ఎఫ్‌సీసీ నెట్ న్యూట్రాలిటీకి అనుకూలంగా ఓటేసింది. (2017లో అజిత్ పాయ్ అధ్యక్షతన అదే సంస్థ ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. గెలుపులు శాశ్వతం కావు.)

ఆ ఎపిసోడ్ ప్రభావం అమెరికాతో ఆగలేదు. 2015 మార్చిలో మన ట్రాయ్ ఇదే అంశం మీద సంప్రదింపుల పత్రం విడుదల చేస్తే, ముంబయి హాస్య బృందం ఏఐబీ ఆలివర్ బాణీలోనే ఓ వీడియో చేసింది. ‘సేవ్ ద ఇంటర్నెట్’ ఉద్యమం ద్వారా ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ పథకం మన దేశంలో ముగిసింది. ఈ విజయం వెనక ఎంతోమంది నిపుణులు, కార్యకర్తలు ఉన్నారు. కానీ సామాన్యుడికి విషయాన్ని అర్థమయ్యేలా చెప్పింది నవ్వించేవాళ్లే. మన జేబులో ఉన్న ఫోన్‌లోని ఇంటర్నెట్ ఇవాళ ఈ రూపంలో ఉండటంలో బెడ్‌ఫర్డ్ కుర్రాడికీ ఓ చిటికెడు వాటా ఉందనడం అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత ఏఐబీ ఏమైందన్నది వేరే కథ. 2015లో ‘రోస్ట్’ కార్యక్రమం మీద కేసులు, 2018లో బృందంతో సంబంధమున్న వ్యక్తిపై లైంగిక వేధింపుల ఆరోపణలు, వాటిని సంస్థ పట్టించుకోలేదన్న విమర్శలు, మూత. దాన్ని పూర్తిగా అణచివేత ఖాతాలో వేయడం నిజాయితీ కాదు.

రెండు లక్షల డాలర్ల జోకు

2017 జూన్‌లో ఆలివర్ బొగ్గు పరిశ్రమ మీద ఎపిసోడ్ చేశారు. మర్రీ ఎనర్జీ యజమాని బాబ్ మర్రీని, 2007లో యూటాలోని ఆయన గనిలో జరిగిన కూలిపోత ప్రమాదాన్ని ప్రస్తావించారు. ప్రసారం చేస్తే కేసు వేస్తామని కంపెనీ ముందే నోటీసు పంపింది. ఆలివర్ ఆ నోటీసు గురించి కూడా చెప్పి, ఉడుత వేషం వేసిన మనిషిని తెచ్చి మర్రీని ఆటపట్టించారు. మూడు రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో పరువు నష్టం దావా పడింది.

కేసు నిలవదని న్యాయశాస్త్రం తెలిసిన వాళ్లెవరైనా చెప్పగలరు. ప్రజా జీవితంలో ఉన్నవాళ్లు పరువు నష్టం నిరూపించాలంటే అబద్ధమని తెలిసీ ప్రచురించారని చూపించాలని 1964లో న్యూయార్క్ టైమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. పేరడీకి రక్షణ ఉందని 1988లో హస్లర్ పత్రిక కేసులో చెప్పింది. 2018 ఫిబ్రవరిలో మర్రీ దావాను కోర్టు కొట్టేసింది. అప్పీలుకు వెళ్లిన కంపెనీ 2019లో దాన్ని వదులుకుంది.

కథ ఇక్కడితో ముగిస్తే రాజ్యాంగం గెలిచిందని చప్పట్లు కొట్టొచ్చు. ఆలివర్ ఇక్కడితో ఆపలేదు. 2019 నవంబరులో ఓ ఎపిసోడ్ మొత్తం దీనికే కేటాయించి లెక్క విప్పారు. గెలిచిన కేసుకు అయిన ఖర్చు దాదాపు 2 లక్షల డాలర్లు. పరువు నష్టం బీమా ప్రీమియం మూడింతలైంది. ఇలాంటి దావాల ఉద్దేశం గెలవడం కాదు, ఎదుటివాణ్ని అలసిపోయేలా చేయడమేనని వివరించారు. వెనక హెచ్‌బీఓ లేకపోతే తన గతేమయ్యేదో పరోక్షంగా చెప్పినట్టే. ఓ చిన్న ఊరి పత్రిక సంపాదకుడికి ఇదే దావా పడితే కోర్టు గెలిపించే లోపే పత్రిక మూతపడుతుంది.

ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ లెక్క మర్చిపోతాం. ఆలివర్ ధైర్యవంతుడే, కాదనను. కానీ ఆయన ధైర్యానికి ఒక న్యాయవాదుల దళం, ఒక బీమా పాలసీ, ఒక రాజ్యాంగ సవరణ కాపలా ఉన్నాయి. మన దేశంలో పరువు నష్టం ఇప్పటికీ జైలు శిక్ష పడే నేరమే. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా సెక్షన్ 356గా ఆ నేరం కొనసాగుతోంది. ఇక్కడి కమెడియన్‌కు రెండు లక్షల డాలర్ల ఖర్చు భరించే యజమాని ఉండడు. గుమ్మం ముందు పోలీసు జీపు ఉంటుంది.

మూడు దేశాలు, మూడు కత్తెరలు

ఆలివర్‌ను ఆపిన దేశాల్లో చైనాది అందరికీ తెలిసిన పద్ధతి. 2018 జూన్‌లో షీ జిన్‌పింగ్ మీద ఎపిసోడ్ చేయగానే వీబోలో ఆయన పేరు రాయడం కుదరలేదు, హెచ్‌బీఓ వెబ్‌సైట్ కూడా ఆ దేశంలో తెరుచుకోలేదు. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో ఎవరికీ సందేహం లేదు. రాజ్యం ఆపింది.

రెండోది ఆయన పుట్టిన గడ్డ. 2016 జూన్ 19న, బ్రెగ్జిట్ ఓటింగ్‌కు నాలుగు రోజుల ముందు, యూరోపియన్ యూనియన్‌లో కొనసాగడమే మేలంటూ ఆలివర్ ఓ ఎపిసోడ్ చేశారు. స్కై అట్లాంటిక్ చానల్ దాన్ని పోలింగ్ ముగిసేదాకా ప్రసారం చేయలేదు. కారణం ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిష్పాక్షికత నిబంధనలు. అంతకంటే విడ్డూరమైన నిబంధన ఇంకోటుంది. బ్రిటిష్ పార్లమెంటు లోపలి దృశ్యాలను హాస్య, వ్యంగ్య కార్యక్రమాల్లో వాడకూడదు. వార్తల్లో చూపించొచ్చు, నవ్వించడానికి చూపించకూడదు. అందుకే ఓ బ్రెగ్జిట్ ఎపిసోడ్‌లో ఆలివర్ పార్లమెంటు క్లిప్ వేసిన చోట, బ్రిటన్ ప్రేక్షకులకు మాత్రం గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ అనే కమెడియన్ కీచుగొంతుతో ఆన్‌లైన్ రివ్యూలు చదువుతూ కనిపించాడు. పార్లమెంటరీ ప్రజాస్వామ్యానికి తల్లి అని చెప్పుకునే దేశం తన సభను చూసి తన ప్రజలు నవ్వడానికి భయపడుతోంది. భావ ప్రకటన స్వేచ్ఛ గురించి మనకు పాఠాలు చెప్పే పాశ్చాత్య సంపాదకీయాల్లో ఈ విషయం ఎందుకో కనిపించదు.

బ్రిటన్ మీద ఆలివర్‌కు మొహమాటమేమీ లేదు. 2022 అక్టోబరులో మ్యూజియంల మీద చేసిన ఎపిసోడ్‌లో వలస పాలనలో దోచుకుపోయిన సంపదను తిరిగివ్వకుండా సాకులు చెప్పే సంస్థలను ఉతికి ఆరేశారు. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియం గదిలో చూడాల్సి వచ్చిన తెలుగువాళ్లకు ఆ అరగంట వేరేగా వినిపిస్తుంది.

మూడోది మన కత్తెర. చైనాలో లాగా రాజ్యం ముందుకు రాలేదు. బ్రిటన్‌లో లాగా రాసిపెట్టిన నిబంధనా లేదు. నిబంధన ఉంటే కోర్టులో సవాలు చేయొచ్చు, ప్రశ్నించొచ్చు, పార్లమెంటులో మార్చమనొచ్చు. హాట్‌స్టార్ విషయంలో సవాలు చేయడానికి ఏముంది? ఓ ప్రైవేటు కంపెనీ తన దుకాణంలో ఏ సరుకు పెట్టాలో తాను నిర్ణయించుకుంది, అంతే. మూడింటిలో ఇదే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకంటే ఇందులో నిందితుడే ఉండడు.

నవ్వుకు పరిమితి

ఆలివర్‌ను ఆకాశానికెత్తడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన మీద ఉన్న ప్రధాన విమర్శలో నిజముంది. ఆ నవ్వు అప్పటికే ఆయనతో ఏకీభవించేవాళ్ల నవ్వు. 2013లో ‘డైలీ షో’ కుర్చీలో ఉన్నప్పుడు, అధ్యక్ష పదవికి పోటీ చేయమని ట్రంప్‌ను ఆయన బతిమాలారు, కావాలంటే చెక్కు రాసిస్తానన్నారు. జోకే. 2016 ఫిబ్రవరిలో ట్రంప్ పూర్వీకుల ఇంటిపేరు ‘డ్రంఫ్’ను పట్టుకుని చేసిన ఎపిసోడ్ ఇంటర్నెట్‌ను ఊపేసింది. నవంబరులో ట్రంప్ గెలిచారు. టోపీల మీద ‘డ్రంఫ్’ అని అచ్చువేసుకున్న ఉదారవాదులు తమలో తామే నవ్వుకుంటుంటే, వాళ్లు మాట్లాడని పట్టణాల్లో ఓట్లు పడ్డాయి. బెయిలు, బాకీలు, నెట్ న్యూట్రాలిటీ లాంటి విషయాల్లో ఆయన హాస్యం పనిచేసినంతగా వ్యక్తుల మీద హాస్యం పనిచేయలేదు. విషయం కొత్తదైతే నవ్వు కళ్లు తెరిపిస్తుంది. మనిషి మీద అభిప్రాయం ముందే గట్టిపడి ఉంటే, ఆ నవ్వు ఒక వర్గానికి వినోదం, ఇంకో వర్గానికి అవమానం.

అయినా అధికారంలో ఉన్నవాళ్లకు ఆ నవ్వంటే పడదు. 2025 జులైలో ట్రంప్ వేసిన దావాను 1.6 కోట్ల డాలర్లిచ్చి పారామౌంట్ సెటిల్ చేసుకుంటే, అదే సంస్థ చానల్‌లో స్టీఫెన్ కోల్‌బేర్ దాన్ని లంచమన్నారు. కొద్ది రోజుల్లో ఆయన కార్యక్రమాన్ని 2026 మేలో ముగిస్తామన్న ప్రకటన వచ్చింది. కారణం ఆర్థికమేనని సంస్థ చెప్పింది. ఆ నెలలోనే పారామౌంట్ విలీనానికి ఎఫ్‌సీసీ అనుమతి లభించింది. సెప్టెంబరులో జిమ్మీ కిమ్మెల్ వంతు. చార్లీ కర్క్ హత్య తర్వాత ఆయన చేసిన వ్యాఖ్యల మీద ఎఫ్‌సీసీ చైర్మన్ బ్రెండన్ కార్ బెదిరింపు ధోరణిలో మాట్లాడారు, గంటల్లో డిస్నీకి చెందిన ఏబీసీ కార్యక్రమాన్ని ఆపేసింది. చందాలు రద్దు చేసుకుంటామంటూ జనం తిరగబడ్డాక వారంలోపే వెనక్కి తెచ్చింది. 2020లో మన దగ్గర మోదీ ఎపిసోడ్ కనిపించకుండా పోయినప్పుడు హాట్‌స్టార్ యజమాని, ఇప్పుడు ఏబీసీ యజమాని ఒకరే. ఇక్కడ అలవాటైన పద్ధతి సొంతింటికి చేరడానికి అయిదేళ్లు పట్టింది.

ఆలివర్ మీదికి ఆ గాలి ఇంకా రాలేదు. హెచ్‌బీఓకు ప్రసార లైసెన్సు అక్కర్లేదు గనక ఎఫ్‌సీసీ నేరుగా మెడ పట్టుకోలేదు. ప్రకటనదారులు లేరు గనక వాళ్లూ పట్టుకోలేరు. కానీ హెచ్‌బీఓకూ యజమాని ఉంటాడు. టైమ్ వార్నర్ నుంచి 2018లో ఏటీ అండ్ టీకి, 2022లో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీకి అది చేతులు మారింది. యజమానులను ‘బిజినెస్ డాడీ’ అని పిలిచి, వాళ్ల ఫోన్ నెట్‌వర్కునూ పొదుపు చర్యలనూ తెర మీదే ఏడిపించడం ఆలివర్‌కు అలవాటు. 2025 చివర్లో ఆ కంపెనీ కోసం నెట్‌ఫ్లిక్స్, పారామౌంట్ పోటీపడ్డాయి. ఇంత పెద్ద కొనుగోలు ఏదైనా ట్రంప్ ప్రభుత్వ యంత్రాంగం పరిశీలన దాటి రావాల్సిందే. ఆలివర్ ప్రస్తుత ఒప్పందం 2026 దాకా ఉంది. కొత్త డాడీకి జోకులంటే ఎంత ఓపికో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ మాత్రం ఎదురుచూడాల్సిన పని లేదు. 2021 జనవరి 1న ఇండోర్‌లో ప్రదర్శన సరిగా మొదలుకాకముందే అరెస్టయిన మునవ్వర్ ఫారూఖీ, సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా నెల రోజులకు పైగా జైల్లో ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో బెంగళూరు పోలీసులు ఆయన ప్రదర్శన రద్దు చేయించారు. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళా వేదికలో, అడ్డుకుంటామన్న హెచ్చరికల మధ్య, భారీ పోలీసు బందోబస్తుతో ప్రదర్శన జరిగింది. రెండు చోట్లా చట్టం ఒక్కటే. ఒక ప్రభుత్వం పోలీసులను కమెడియన్ మీదికి పంపింది, ఇంకోటి కమెడియన్‌కు కాపలాగా పంపింది.

2025 మార్చిలో కునాల్ కామ్రా పేరు చెప్పకుండా ఏక్‌నాథ్ షిండే మీద పాడిన పేరడీకి ముంబయిలోని హాబిటాట్ వేదికను శివసేన కార్యకర్తలు ధ్వంసం చేశారు. మర్నాడు మున్సిపల్ సిబ్బంది సుత్తులతో వచ్చారు. మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత బొంబాయి హైకోర్టు ఆయనను అరెస్టు నుంచి కాపాడాయి. కోర్టులు తమ పని చేశాయి. ఆ తర్వాత శివసేన నాయకుడొకరు బుక్‌మైషోకు లేఖ రాశారు, కామ్రా పేరు ఆ యాప్‌లో కనిపించకుండా పోయింది. కామ్రా బహిరంగ లేఖలో అడిగింది రెండే. నన్ను జాబితాలో పెట్టండి, లేదా నా ప్రదర్శనలకు ఇన్నాళ్లూ మీ ద్వారా టికెట్లు కొన్న ప్రేక్షకుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు నాకివ్వండి. తాము తటస్థ మధ్యవర్తులమని బుక్‌మైషో చెప్పింది.

హాట్‌స్టార్ ఇప్పుడు రిలయన్స్ చేతిలో ఉన్న జియోహాట్‌స్టార్. ఆలివర్ కార్యక్రమం మన దేశంలో చూడాలంటే వెళ్లాల్సింది ఇప్పటికీ అక్కడికే.